ముందు కొలత, తర్వాతే గీత

వానలు ముదిరి, ఎగువన చాండిల్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ పేపర్లలో రెండు అంకెలు పదే పదే కనిపిస్తాయి. ఆదిత్యపూర్ వంతెన దగ్గర ఖర్కాయి నదికి 129 మీటర్లు. మాన్‌గో వంతెన దగ్గర సువర్ణరేఖకు 121.5 మీటర్లు. ఇవి ప్రమాద స్థాయిలు. నీరు వీటిని దాటితే బాగ్‌బేడా, జుగ్‌సలాయ్, కద్మా, మాన్‌గోల్లోని పల్లపు బస్తీల్లోకి చేరుతుంది. కద్మా, సోనారి, బిష్టుపూర్‌లలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి అక్కడి చుట్టాల క్షేమం కనుక్కునేవాళ్లకి కూడా ఈ అంకెలతో పని పడుతుంది. గ్రాఫుల సంగతి ఈ నదుల దగ్గరే మొదలుపెడదాం.

129 మీటర్లంటే నది అంత లోతు ఉంటుందా? ఉండదు. 129 మీటర్లంటే నలభై అంతస్తుల భవనం. ఖర్కాయి లోతు అందులో ఏ మూలకీ రాదు. సముద్ర మట్టం నుంచి చూస్తే నీటి పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె అది. జంషెడ్‌పూర్ నేలే సముద్రం కంటే వంద మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, నది అడుగు కూడా అంతే. రెండు నదుల అంకెలు వేరుగా ఉండడానికి కారణమూ ఇందులోనే ఉంది. సోనారి పక్కన దోముహానీలో ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఆదిత్యపూర్ వంతెన ఆ సంగమానికి ఎగువన ఉంది, మాన్‌గో వంతెన దిగువన ఉంది. దిగువన నేల పల్లం కాబట్టి అక్కడి అంకె ఏడున్నర మీటర్లు తక్కువ.

మన భద్రాచలం లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ గోదావరికి మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఈ అడుగులు సముద్రం నుంచి కొలిచినవి కావు. అక్కడి గేజి, అంటే నీటిమట్టం చూసే కొలబద్ద, దాని సున్నా నుంచి లెక్కపెట్టినవి. అదే 53 అడుగుల నీటిని కేంద్ర జల సంఘం సముద్ర మట్టం నుంచి చెబితే 48.77 మీటర్లవుతుంది. 53 అడుగులంటే 16 మీటర్ల చిల్లరే కదా, 48 ఎక్కడి నుంచి వచ్చింది అంటారా? గేజి సున్నాయే సముద్రం కంటే దాదాపు 32.6 మీటర్ల ఎత్తున ఉంది. నీరు ఒక్కటే, సున్నా పెట్టిన చోటు వేరు. గ్రాఫు చేతికి రాగానే గీత మీదికి కాకుండా పక్కనున్న కొలత మీదికి చూపు పోవాలని నేననేది ఇందుకే.

ఇప్పుడు ఒక గ్రాఫు గీద్దాం. అడ్డంగా గంటలు, నిలువుగా ఖర్కాయి నీటిమట్టం. ఉదాహరణకి ఇలా అనుకుందాం: ఉదయం 6 గంటలకి 126.4 మీటర్లు, 9కి 127.0, మధ్యాహ్నం 12కి 127.9. టీవీలో కింద పరిగెత్తే వార్త ‘ప్రమాద స్థాయికి 1.1 మీటర్ల దూరంలో ఖర్కాయి’ అంటుంది. అబద్ధమేమీ కాదు. కానీ సామాను అటకెక్కించాలా వద్దా అని చూస్తున్న ఇల్లాలికి ఆ ముక్క చాలదు. ఆమెకి కావలసింది గీత వాలు, అంటే గీత ఎంత నిటారుగా లేస్తోందన్నది. మొదటి మూడు గంటల్లో 60 సెంటీమీటర్లు లేచింది, గంటకి 20. తర్వాతి మూడు గంటల్లో 90 లేచింది, గంటకి 30, అంటే గంటకో అడుగు. ఇంకా మిగిలిన 110 సెంటీమీటర్లను 30తో భాగిస్తే మూడు గంటల నలభై నిమిషాలు. పైగా గీత గంట గంటకీ నిటారవుతోంది కాబట్టి ఆ వ్యవధి కూడా పూర్తిగా దక్కకపోవచ్చు. మూడు కొట్టేలోపే ముసలివాళ్లనీ, పిల్లల్నీ, ఆధార్ కాగితాల్నీ, గ్యాస్ సిలిండర్‌నీ పైకి చేర్చేయాలి. మూడు చుక్కలు కలిపిన గీత ఇంత చెప్పింది. ఒక్క చుక్కతో ఇది తెలిసేది కాదు.

‘గ్రాఫు సున్నా నుంచే మొదలవ్వాలని బళ్లో చెప్పారే, మీరు 126 దగ్గర మొదలుపెట్టారేం?’ మంచి ప్రశ్న. సున్నా నుంచి గీసి చూడండి. మీటరుకి ఒక మిల్లీమీటరు చొప్పున కాగితం మీద నిలువుగా 13 సెంటీమీటర్ల దాకా పడుతుంది. ఆరు గంటల్లో లేచిన ఒకటిన్నర మీటర్ల వరద అందులో ఒకటిన్నర మిల్లీమీటర్లు, పెన్సిల్ గీత మందం కంటే కొంచెం ఎక్కువ. ఊరు మునుగుతున్నా గ్రాఫు మాత్రం నిశ్చింతగా ఉంటుంది. ఇక్కడి సున్నా సముద్రం. బాగ్‌బేడా వాళ్లకి సముద్రంతో పనేమిటి? వాళ్ల సున్నా వాళ్ల గుమ్మం.

అయితే ఇదే కత్తిరింపు బార్ గ్రాఫులో, అంటే పాఠ్యపుస్తకాలు కమ్మీ రేఖాచిత్రం అనేదానిలో చేస్తే అది మాయ చేయడమే. ఒక కోచింగ్ సెంటర్ పాంప్లెట్ ఊహించుకోండి. పోయినేడు ఉత్తీర్ణత 92 శాతం, ఈ ఏడు 95. కొలతను 90 దగ్గర మొదలుపెడితే మొదటి కమ్మీ రెండు గళ్లు, రెండోది ఐదు గళ్లు. చూసే కంటికి ఫలితాలు రెండున్నర రెట్లయినట్టే. నిజంగా పెరిగింది వందకి ముగ్గురు పిల్లలు. కమ్మీలో కన్ను చూసేది పొడవు. పొడవు నిజం చెప్పాలంటే పాదం సున్నా మీద ఉండాలి. గీతలో కన్ను చూసేది వాలు. దానికి సున్నాతో పట్టింపు లేదు, కొలత ఎక్కడ మొదలైందో పక్కన స్పష్టంగా రాసి ఉంటే చాలు. బళ్లో ఈ రెంటినీ కలిపి ఒకే సూత్రంగా బట్టీ పట్టిస్తారు, అక్కడే వస్తుంది చిక్కు.

పై చార్టు, అంటే వృత్త రేఖాచిత్రం, సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. గుండ్రని బొమ్మలో ముక్కల కోణాలు పోల్చడం కంటికి కష్టం. అమెరికాలో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు 1984లో దీన్ని పరీక్షించి చూపించారు: ఒకే కొలత మీద పక్కపక్కనున్న చుక్కల్ని మనుషులు సరిగ్గా పోల్చగలరు, కోణాల దగ్గర తడబడతారు. రెండు మూడు ముక్కలైతే ఫరవాలేదు. ఇంటి ఖర్చును పదకొండు రంగుల చక్రంగా గీయడం కంటే పట్టికే నయం.

అంగన్‌వాడీలో తల్లికి ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు మన దేశంలో అత్యధిక ఇళ్లకి చేరిన గ్రాఫుల్లో ఒకటి. జార్ఖండ్‌లోనూ అదే, ఆంధ్ర, తెలంగాణల్లోనూ అదే. అడ్డంగా బిడ్డ వయసు నెలల్లో, నిలువుగా బరువు కిలోల్లో. ఆకుపచ్చ పట్టీలో చుక్క పడితే బరువు సరిపోయినట్టు, పసుపులో పడితే తక్కువ, నారింజలో పడితే మరీ తక్కువ. ఇవన్నీ విదేశీ పిల్లల లెక్కలు కదా, మన పిల్లలకి వర్తిస్తాయా అని చాలామందికి అనుమానం. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఈ ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లల్ని తూచారు. వాళ్లలో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, తగిన తిండి, శుభ్రత ఉంటే ఐదేళ్ల లోపు పిల్లలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని తేలింది.

ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లల్ని ఊహించండి. ఇద్దరికీ ఏడాది నిండింది, ఇద్దరూ 7.4 కిలోలు. ఆ వయసు ఆడపిల్లకి ఆకుపచ్చ పట్టీ అడుగు అంచు 7 కిలోలు కాబట్టి ఇద్దరూ పచ్చలోనే ఉన్నారు. మొదటి పాప ఆరో నెలలో 6 కిలోలు, తొమ్మిదో నెలలో 6.8, ఇప్పుడు 7.4. సన్నపాటి పిల్లే, కానీ గీత అంచుకి సమాంతరంగా ఎక్కుతూ వచ్చింది. రెండో పాప ఆరో నెలలో 7.3, ఆ వయసు ఆడపిల్లలకి సరిగ్గా నడిమి బరువు. తొమ్మిదో నెలలో 7.4, ఇప్పుడూ 7.4. ఆ ఆర్నెల్లలో నడిమి బరువు 8.9కి ఎక్కింది. ఈ పాప గీత మాత్రం బల్లపరుపుగా ఉండిపోయింది. వీధిలో అందరూ ‘బొద్దుగా ఉండేది’ అని మురిసిన పిల్ల ఈమే అయ్యుండొచ్చు. అంగన్‌వాడీ కార్యకర్త ముందుగా ఆరా తీయాల్సింది ఈమె గురించే: తల్లిపాలతో పాటు పై తిండి మొదలుపెట్టారా, విరేచనాలు పట్టుకున్నాయా, ఇంట్లో మరో కాన్పు వచ్చిందా? పట్టీ రంగు ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే. కార్డులో చుక్కల్ని గీతతో కలపకుండా వదిలేస్తే ఆ కార్డు సగం పనే చేస్తుంది. మీ ఇంట్లో కార్డుంటే ఒకసారి తీసి చూడండి. చాలా కార్డుల్లో చుక్కలుంటాయి, గీత ఉండదు.

గ్రాఫులు పదో తరగతి పరీక్షతో అయిపోతాయని పిల్లలు అనుకుంటే వాళ్లని రైల్వే కంట్రోల్ ఆఫీసు దాకా తీసుకెళ్లాలి. టాటానగర్ స్టేషన్ హౌరా–ముంబయి ప్రధాన మార్గంలో, ఆగ్నేయ రైల్వే చక్రధర్‌పూర్ డివిజన్‌లో ఉంది. టాటానగర్ నుంచి చక్రధర్‌పూర్‌కి 62 కిలోమీటర్లు. మధ్యలో ఆదిత్యపూర్, గమ్హారియా, సీనీ, రాజ్‌ఖర్సవాన్ లాంటి స్టేషన్లు. ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు మోసే గూడ్సులూ, ఎక్స్‌ప్రెస్‌లూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి ఈ దారినే పోతాయి. వీటిని నడిపించే సెక్షన్ కంట్రోలర్ ముందు ఉండేది గ్రాఫే. ఒకప్పుడు పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో గీసేవారు, ఇప్పుడది కంప్యూటర్ తెర మీద ఉంటోంది. అడ్డంగా గడియారం, నిలువుగా స్టేషన్లు. ఒక్కో రైలు ఒక్కో ఏటవాలు గీత. గీత నిటారుగా ఉంటే వేగం, పడుకుంటే నెమ్మది, పూర్తిగా అడ్డమైపోతే రైలు ఆగినట్టు. పద్ధతి పాతదే, 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో పారిస్–లియోన్ రైళ్లకి ఇలాంటి గ్రాఫు అచ్చయింది.

దీని ఉపయోగం లెక్క వేస్తే గాని తెలియదు. ఒక గూడ్సు ఉదయం 8 గంటలకి టాటానగర్‌లో బయల్దేరి ఆ 62 కిలోమీటర్లూ రెండు గంటల్లో పోతుందనుకుందాం. ఎనిమిదిన్నరకి ఒక ఎక్స్‌ప్రెస్ అదే లైన్ మీద, అదే దిక్కుగా బయల్దేరి గంటలో పోతుంది. రెండు గీతలూ గీయండి. సరిగ్గా తొమ్మిదింటికి, 31 కిలోమీటర్ల దగ్గర, సగం దారిలో అవి ఒకదాన్నొకటి కోస్తాయి. కాగితం మీద అది ముచ్చటైన చుక్క. పట్టాల మీద మాత్రం అలాంటి చుక్క స్టేషన్‌లో తప్ప ఎక్కడా ఉండకూడదు. కాబట్టి గూడ్సును అంతకు ముందు స్టేషన్‌లో లూప్ లైన్‌లోకి, అంటే పక్కకి తప్పించే పట్టాల మీదికి మళ్లించి, ఎక్స్‌ప్రెస్ దాటాక వదలాలి. గూడ్సు గీత అక్కడ కాసేపు అడ్డంగా సాగి మళ్లీ ఎక్కుతుంది. పదో తరగతిలో ‘రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాల జత’ అంటూ నాలుగు మార్కులకి చేసే లెక్క ఇదే. సమీకరణం రాసి సాధించినా అదే జవాబు వస్తుంది. కానీ పదిహేను రైళ్లున్నప్పుడు ఏ జత ఎక్కడ తగులుకుంటుందో ఒక్క చూపులో పట్టుకోవడం గ్రాఫుకే చెల్లింది. ‘మన బండిని ఊరికే ఆపేశాడు’ అని ప్రయాణికుడు విసుక్కుంటున్న క్షణంలో, ఎక్కడో తెర మీద ఒక గీత అడ్డంగా సాగుతూ ఉంటుంది.

జంషెడ్‌పూర్ లాంటి ఉక్కు నగరంలో ఉండి ఉక్కు గ్రాఫు చూడకపోతే ఎలా? ఇల్లు కట్టేవాళ్లు షాపులో ‘ఫైవ్ హండ్రెడ్ డి’ అని అడిగి రాడ్లు కొంటారు. ఆ అంకె ఒక గ్రాఫులోంచి వచ్చింది. ప్రయోగశాలలో రాడ్ ముక్కను రెండు వైపులా పట్టి లాగుతారు. అడ్డంగా ఎంత సాగిందో, నిలువుగా ఎంత బలంతో లాగారో గీత పడుతుంది. మొదట గీత సూటిగా పైకి పోతుంది. ఆ దశలో వదిలేస్తే రాడ్ మళ్లీ మొదటి పొడవుకి వస్తుంది. ఒక చోట గీత వంగుతుంది. దాన్ని దాటాక వదిలేసినా రాడ్ వెనక్కి రాదు, శాశ్వతంగా సాగినట్టే. ఆ లొంగుబాటు చోటు కనీసం చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లు ఉండాలన్నదే 500 అనే అంకె. ఇంటి భాషలో చెప్పాలంటే, 12 ఎంఎం రాడ్ కోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. 500తో గుణిస్తే 56,500 న్యూటన్లు, అంటే సుమారు 5.8 టన్నులు. చిటికెన వేలంత రాడ్‌కి ఐదు చిన్న కార్లు వేలాడదీసినా అది లొంగదు. మరి ‘డి’ దేనికి? గీత వంగిన తర్వాత ఇంకా ఎంత దూరం పోయి తెగుతుందన్నదానికి. మామూలు 500 రకం తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, డి రకం 16 శాతం. భూకంపం వచ్చినప్పుడు పుటుక్కున తెగే రాడ్ కంటే సాగుతూ ఊపును మింగే రాడ్ ఇంటివాళ్లకి బయటపడే వ్యవధినిస్తుంది. గ్రాఫులో ఎత్తే కాదు, గీత కిందున్న జాగా కూడా లెక్కే.

ఫ్యాక్టరీలో ఇంకో రకం గ్రాఫుంది, దాన్ని ఇళ్లలోకి తెచ్చుకోవాలని నా కోరిక. దాని పేరు కంట్రోల్ చార్ట్. 1924లో అమెరికాలో బెల్ టెలిఫోన్ వాళ్ల పరికరాల ఫ్యాక్టరీ కోసం వాల్టర్ షూహార్ట్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకి బోధించాడు. ఆయన పేరిట జపాన్ వాళ్లిచ్చే డెమింగ్ బహుమతిని టాటా స్టీల్ 2008లో అందుకుంది, అంతకంటే పెద్దదైన గ్రాండ్ ప్రైజ్‌ను 2012లో. ఈ గ్రాఫు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పూట వచ్చిన తేడా ఎప్పుడూ ఉండే ఊగిసలాటేనా, లేక నిజంగా ఏదో జరిగిందా?

12 ఎంఎం రాడ్ మీటరుకి 0.888 కిలోలు, 12 మీటర్ల పూర్తి రాడ్ 10.66 కిలోలు. ఏ మిల్లు నుంచి వచ్చిన రాడ్లయినా ఒక్కొక్కటీ తూస్తే అన్నీ 10.66 రావు, 10.62, 10.70, 10.65, ఇలా ఊగుతాయి. చాలా రాడ్లు తూచి, ఆ ఊపు ఎంతో లెక్కగట్టి, సగటు గీతకి పైనా కిందా రెండు హద్దులు గీస్తారు. మన ఉదాహరణలో అవి 10.54, 10.78 అనుకుందాం. మిల్లు మామూలుగా నడుస్తుంటే వెయ్యింట మూడే ఆ హద్దులు దాటేలా వాటిని పెడతారు. హద్దుల లోపల చుక్క ఎటు కదిలినా మిషన్ మీద చెయ్యి వేయకూడదు. ప్రతి చుక్కకీ బెదిరి స్క్రూ తిప్పే ఆపరేటర్ తేడాను తగ్గించడు, పెంచుతాడు. హద్దు దాటితే మాత్రం ఆపి చూడాలి. హద్దు లోపలే ఉన్నా వరుసగా 8 చుక్కలు సగటుకి పైనే పడ్డా అనుమానించాలి. పైనా కిందా సమాన అవకాశం ఉన్నప్పుడు అలా పడే వీలు 256లో ఒక్కటే.

దీన్ని ఇంటి బీపీ మిషన్‌కి వర్తింపజేయండి. ఉదయం 128, సాయంత్రం 136, మర్నాడు 126. పైకి పోయిన ప్రతిసారీ గుండె పట్టుకోవడం, దిగగానే మాత్ర మానేయడం, రెండూ ఆ స్క్రూ తిప్పే ఆపరేటర్ పనులే. రోజూ ఒకే వేళకి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసి, గళ్ల కాగితం మీద చుక్క పెట్టండి. రెండు వారాల గీత పట్టుకెళ్తే డాక్టరుకి ఒక్క రీడింగ్ కంటే నూరు రెట్లు పనికొస్తుంది. ప్రమాదపు హద్దు ఎక్కడో ఆయన చెబుతారు, ఆ గీతనూ అదే కాగితం మీద గీసుకోండి.

ఇక అందర్నీ తికమక పెట్టే లాగ్ స్కేల్. దానికి జంషెడ్‌పూర్ జనాభా కంటే మంచి ఉదాహరణ లేదు. టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె పోశారు. 1911 జనగణనలో ఆ ఊరి జనాభా 5,672. 1921కి 57,360. ఈ మధ్యలోనే, 1919లో, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ చేతుల మీదుగా సాక్చి కాస్తా జంషెడ్‌పూర్ అయింది. 2001లో చుట్టుపక్కల పట్టణాలతో కలిపి నగర ప్రాంతం 11.05 లక్షలు, 2011లో 13.39 లక్షలు. ఏ పదేళ్లలో ఊరు ఎక్కువ పెరిగింది?

గళ్ల కాగితం మీద లక్షకి ఒక సెంటీమీటరు చొప్పున గీయండి. 1911–21 పెరుగుదల 5 మిల్లీమీటర్లు. 2001–11 పెరుగుదల 23 మిల్లీమీటర్లు. రెండోదే పెద్దది. నీళ్లు, బస్సులు, ఆసుపత్రి పడకలు లెక్కవేసే అధికారికి ఇదే సరైన గ్రాఫు, ఎందుకంటే 2.34 లక్షల మంది కొత్తవాళ్లకి 2.34 లక్షల బకెట్లు కావాలి. కానీ 1911 నాటి ఊరివాడి కళ్లతో చూడండి. ఒక్కడున్న చోట పదిమంది అయ్యారు. 2001లో ఉన్నవాడికి ఐదుగురున్న చోట ఆరో మనిషి కనిపించాడు, అంతే. రెట్లలో చూడాలంటే కొలతే మారాలి: 1,000 నుంచి 10,000 వరకు ఎంత దూరమో, 10,000 నుంచి లక్షకీ, లక్ష నుంచి పది లక్షలకీ అంతే దూరం. లాగ్ స్కేల్ అంటే ఈ రెట్ల కొలతే. పది రెట్లకి 5 సెంటీమీటర్లు పెడితే 1911–21 ఒక్క దూకుతో 5 సెంటీమీటర్లు ఎక్కుతుంది. 2001–11 నాలుగు మిల్లీమీటర్లు. రెండు గ్రాఫులూ నిజమే చెబుతున్నాయి, వాటిని అడిగిన ప్రశ్నలు వేరు. కోవిడ్ రోజుల్లో కేసుల గ్రాఫులు ఒక ఛానెల్లో కొండలా, ఇంకో చోట నిదానంగా ఎక్కే గీతలా కనిపించిందీ ఇందుకే. నిలువు కొలతలో అంకెలు 10, 100, 1000 అని పోతుంటే మీరు చూస్తున్నది రెట్లని గుర్తుపట్టేయొచ్చు.

కొలత మధ్యలో మారిపోతే ఏమవుతుందో కూడా ఆ ఊరి కంపెనీయే చూపించింది. 2022 జులై చివర్లో టాటా స్టీల్ ఒక్కో షేరును పది షేర్లుగా విడగొట్టింది. ముందు రోజు తొమ్మిది వందల రూపాయలు దాటి ఉన్న ధర మర్నాడు వంద చుట్టుపక్కలకి వచ్చింది. పాత ధరలను పదితో భాగించకుండా గీసిన గ్రాఫులో అది లోయలో పడ్డట్టుంటుంది. మదుపరి సొమ్ము పోలేదు. ఒక నోటుకి పది చిన్న నోట్లు వచ్చాయి. గీత ఒక్కసారిగా తెగిపడినట్టు కనిపిస్తే కారణం లోకంలో వెతికే ముందు కొలతలో వెతకాలి. జనాభా గీతలోనూ ఈ జాగ్రత్త కావాలి: 1911 అంకె ఒక చిన్న ఊరిది, 2011 అంకె ఆదిత్యపూర్, మాన్‌గో, జుగ్‌సలాయ్ కలిసిన ప్రాంతానిది.

సొంతంగా ఒక గ్రాఫు గీసి చూడాలనుకుంటే కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి. ఏడాది బిల్లులు తీసి నెలలు అడ్డంగా, యూనిట్లు నిలువుగా పెడితే చాలనిపిస్తుంది, చాలదు. మీటరు చూసేవాళ్లు ఒక నెల 28 రోజులకే వస్తారు, ఇంకో నెల 34 రోజులకి. మొదటి బిల్లు 224 యూనిట్లు, రెండోది 272 ఉంటే కరెంటు 21 శాతం ఎక్కువ కాల్చామని ఇంట్లో తగువు మొదలవుతుంది. రోజులతో భాగించండి: రెండుసార్లూ రోజుకి 8 యూనిట్లే. అందుకని బిల్లు మీద రెండు రీడింగుల తేదీలూ చూసి, రోజువారీ యూనిట్లు లెక్కగట్టి, ఆ అంకెనే చుక్కగా పెట్టండి. రూపాయలు వద్దు, శ్లాబులూ, రేట్లూ మధ్యలో మారతాయి. ఎండాకాలంలో గీత లేవడం మామూలే, పోయినేడు అదే నెలతో పోల్చుకోండి. అప్పటికీ ఎక్కువ కనిపిస్తే రాత్రి పడుకోబోయే ముందు అన్ని స్విచ్చులూ కట్టేసి మీటరు దీపం కొట్టుకుంటోందేమో చూసి, కొట్టుకుంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.